డిప్లొమా వాళ్ల హిస్సా పది

సోమవారం పొద్దున ప్రిన్సిపాల్ రాజేశ్వర్ కుబ్రాను తన గదిలోకి పిలిచి, రెండు వందల పేజీల కొత్త రిజిస్టరు ఒకటి ఆమె ముందుకు జరిపాడు.

"శుక్రవారం ఇన్‌స్పెక్షన్ వాళ్లు వస్తున్నరు. సర్వర్‌ల ఉన్న సెట్టింగులన్నీ రాతపూర్వకంగ చూపియ్యాలంట. ఏది ఎంత పెట్టినం, ఎవరు పెట్టిండ్రు, ఎందుకు పెట్టిండ్రు, అన్నీ. గురువారం సాయంత్రానికి నాకు కావాలె."

"ఎందుకు పెట్టిండ్రో నాకు తెల్వని సెట్టింగులు శానా ఉన్నయి సార్."

"తెలుసుకొని రాయి. పదకొండేండ్ల సంది అదే ల్యాబుల ఉన్నవు గద."

ఆ మాట నిజమే. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద, రెండు వైపులా చెరకు మడులున్న చోట ఆ కాలేజీ ఉంది. పొద్దున ఇంజనీరింగు, మధ్యాహ్నం రెండో షిఫ్టులో పాలిటెక్నిక్ డిప్లొమా. కుబ్రా అక్కడ కాంట్రాక్టు మీద ల్యాబ్ టెక్నీషియన్. ఊరు బోధన్. వాళ్ల నాన్న ఉస్మాన్ ఒకప్పుడు కోర్టు గుమాస్తాల టైపుమిషన్లు బాగుచేసేవాడు. ఏ మిషన్‌లో ఏ స్ప్రింగు మార్చాడో చీటీ రాసి మిషన్ అడుగున అంటించేవాడు. పదేళ్ల వయసులో ఆ చీటీలు రాసింది కుబ్రానే. అందుకే రాతపని అంటే ఆమెకు విసుగు లేదు. కానీ ఈ సర్వర్‌కు అలాంటి చీటీ ఒక్కటీ లేదు. ఎనిమిదేళ్లు ఆమెకు పైవాడిగా ఉన్న లక్ష్మీరాజం అన్నీ మనసులోనే పెట్టుకుని మూడేళ్ల కింద రిటైరై జక్రాన్‌పల్లి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి మిషన్ నడుస్తూనే ఉంది, నడిచేదాన్ని ఎవరూ కదిలించలేదు.

ల్యాబులో పిల్లల ముందు ఉండేవి తెర, కీబోర్డు మాత్రమే. ఎవరి ప్రోగ్రాం అయినా పరుగెత్తేది వెనక గదిలోని ఒకే ఒక పెద్ద సర్వర్‌లో. అందరూ ఒకేసారి పని చెబితే ప్రాసెసర్ తన సమయాన్ని ఎవరికి ఎంత పంచాలో ముందే అంకెలతో చెప్పిపెట్టాలి. ఆ అంకెనే కుబ్రా హిస్సా, అంటే వాటా, అంటుంది. అందరికీ ఒకే అంకె ఉంటే అందరికీ సమానం. ఒకరికి ఎక్కువ పెడితే వాళ్ల పని ముందు సాగుతుంది.

మంగళవారం మధ్యాహ్నానికి ఇరవై పేజీలు నిండాయి. పేజీకి మూడు గడులు గీసింది: ఏమిటి, ఎవరు, ఎందుకు. మొదటి గడి సులువుగా నిండుతోంది. మూడోది చాలాచోట్ల ఖాళీగానే ఉండిపోతోంది. గ్రూపుల హిస్సాలున్న ఫైలు తెరిచి, చూస్తూ రాయడం మొదలుపెట్టింది.

రీసెర్చ్ గ్రూపు: ఎనిమిది వందలు.

ఇంజనీరింగు: రెండు వందలు.

డిప్లొమా: పది.

పది పక్కన సున్నా ఒకటి చూడలేదేమో అనుకుని కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. పదే.

పెన్ను అక్కడే ఆగిపోయింది. ఒక్క క్షణంలో ఆమెకు అంకిత గుర్తుకొచ్చింది.

అంకితది బోధన్‌లోనే, బీడీలు చుట్టే ఇల్లు. డిప్లొమాలో అన్నిటికంటే చివరి ప్రాక్టికల్ ఒక్కటే మిగిలింది. ఆ పరీక్షలో ప్రశ్న చీటీ తీయాలి. కొన్ని చీటీల్లో చిన్న లెక్కలుంటాయి. కొన్నింటిలో పది లక్షల వరుసల ఫైలును వరుసక్రమంలో పేర్చే ప్రోగ్రాం రాయాలి. రాశాక నడిపించి చూపడానికి పదిహేను నిమిషాలు ఇస్తారు. ఆ పెద్ద ఫైలు ప్రశ్న నిరుడే కొత్తగా పెట్టారు. నిరుడు ఏప్రిల్‌లో అది వచ్చినవాళ్లు తొమ్మిది మంది. తొమ్మిది మందీ తప్పారు. పిల్లలు దానికి శని చీటీ అని పేరు పెట్టారు. డిప్లొమా వాళ్లకు ప్రోగ్రాం రాయడం ఏం తెలుసు అని స్టాఫ్ రూములో నవ్వుకున్నారు. తప్పినవాళ్లు మళ్లీ అదే ప్రశ్న చేయాలి. నవంబరులో ఆ తొమ్మిది మందిలో ఆరుగురే వచ్చారు. ఆ ఆరుగురూ తప్పారు.

ఆ రోజు అంకిత ల్యాబు తలుపు దగ్గర నిలబడి ఏడ్చింది. "మేడం, ప్రోగ్రాం మంచిగనే ఉంది. మిషనే ఆగిపోయింది."

కుబ్రా ఊరికే తోసిపుచ్చలేదు. ఆ సాయంత్రం ల్యాబు ఖాళీ అయ్యాక అంకిత లాగిన్‌తోనే అదే ప్రోగ్రాం నడిపింది. ఒక్క నిమిషంలో ముగిసింది. తెల్లారి అంకితను పిలిచి, "మిషన్ల ఏం తప్పు లేదు బిడ్డా. నేనే నడిపి చూసిన. పరీక్షల భయానికి నువ్వే ఏదో తప్పు కొట్టినట్టున్నవు" అని నచ్చజెప్పింది. పరీక్ష రిజిస్టరులో ఆరు పేర్లకు ఎదురుగా రాసి సంతకం పెట్టింది: ప్రోగ్రాం గడువులోపు పూర్తికాలేదు. యంత్రంలో లోపం లేదు.

ఇప్పుడు ఆమెకు అర్థమైంది. హిస్సా తక్కువున్నా మిషన్ ఖాళీగా ఉంటే ఎవరికైనా దండిగా సమయం దొరుకుతుంది. గొడవంతా రద్దీలోనే. పరీక్ష జరిగే మధ్యాహ్నం వేళ, రోజూ పన్నెండు నుంచి నాలుగున్నర దాకా, లెక్చరర్ మధుకర్ వాన అంచనాల లెక్క సర్వర్ మొత్తాన్ని పట్టుకుని నడుస్తుంది. సాయంత్రం సర్వర్ గది ఏసీ కట్టేస్తారు కాబట్టి ఆ లెక్క దానంతటదే మొదలై దానంతటదే ఆగేలా టైమర్ పెట్టుకున్నాడు. కుబ్రా పరీక్షించి చూసింది ఏసీ కట్టేసిన తర్వాత.

లక్ష్మీరాజానికి ఫోన్ చేసింది. వెనక మక్క కంకులు ఒలిచే మిషన్ చప్పుడు.

"సార్, డిప్లొమా గ్రూపుకు పది అని ఎందుకు పెట్టిండ్రు?"

ఆయన చప్పుడుకు దూరంగా నడిచినట్టున్నాడు.

"ఇంకా పదే ఉన్నదా?" అన్నాడు.

"పదే ఉంది సార్."

"అది రెండు రోజులకని పెట్టిన బిడ్డా. ఏడేండ్లాయె. డిప్లొమా షిఫ్టు కొత్తగ మొదలైనప్పుడు ఒక పిలగాడు ఆగకుండ తిరిగే ప్రోగ్రాం నడిపిండు. తెల్లారి మధుకర్ సార్ లెక్క పెద్దోళ్లకు చూపియ్యాలె. అందుకని వీళ్లను తక్కువల పెట్టి, రెండు రోజులైనంక తీద్దామనుకున్న. గా వారమే మా అవ్వ పోయింది, సెలవుల పోయిన. వచ్చినంక యాదికే లేదు." ఆయన గొంతు తగ్గింది. "ఎవలకన్న ఇబ్బంది అయిందా?"

"అయింది సార్" అని మాత్రం చెప్పగలిగింది కుబ్రా.

బుధవారం మధ్యాహ్నం మధుకర్ లెక్క నడుస్తుండగా ఆమె ల్యాబు తలుపు వేసుకుంది. రేపే మళ్లీ ఆ ప్రాక్టికల్; ఆరుగురిలో ఒకడు ఫీజు కట్టలేదు, ఆ ప్రశ్నకు వచ్చేది ఐదుగురు. అందుకని ఐదు కుర్చీల ముందు డిప్లొమా లాగిన్లు తెరిచి, ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి ఉరికి, ఐదింటిలోనూ అంకిత ప్రోగ్రాంనే మొదలుపెట్టింది. గోడ గడియారం చూస్తూ నిలబడింది. ఐదు నిమిషాలు. పది. పదిహేను. తెరల మీద ఏమీ కదల్లేదు. ఇరవై ఆరో నిమిషంలో మొదటిది ముగిసింది.

మళ్లీ అదే ప్రోగ్రాం, అవే కుర్చీలు, ఇంజనీరింగు లాగిన్లతో. రెండున్నర నిమిషాల్లోపే ఐదూ ముగిశాయి.

పరీక్ష రిజిస్టరు తెచ్చి తన సంతకాలను చూసుకుంది. ఏప్రిల్‌లో తొమ్మిది, నవంబరులో ఆరు. అందంగా, గుండ్రంగా, తొందర లేకుండా పెట్టిన సంతకాలు.

ఆ సాయంత్రం తన గదిలో రాజేశ్వర్ ఆమె చెప్పిందంతా విన్నాడు. ఇరవై ఆరు, రెండున్నర అని తన డైరీ మూలన రాసుకుని, మళ్లీ వాటి మీద గీత కొట్టాడు.

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు సార్. రేపటి పరీక్షకు ముందు హిస్సా మారుద్దాం సార్. రెండు వందలు చేద్దాం."

"పరీక్ష ముంగట సెట్టింగు మార్చినమని రేపు ఎవరన్న అడిగితే ఏం చెప్తవు? ఎందుకు మార్చిండ్రు, ముందు ఎంతుండె, ఎన్నేండ్ల సంది ఉండె? పాత రిజల్ట్సు అన్నీ తవ్వుతరు. ఎల్లుండి ఇన్‌స్పెక్షన్ పెట్టుకొని ఇదంతా అవసరమా?" ఆయన గొంతు పెంచలేదు. ఆమెకు నచ్చేలా చెప్పడానికి ప్రయత్నిస్తున్నాడు. "చూడు కుబ్రా. మధుకర్ సార్‌ను రేపొక్కరోజు లెక్క ఆపమంట. పిల్లల ప్రోగ్రాములు ఉరుకుతయి, పాసైతరు. సెట్టింగుల పుస్తకంల డిప్లొమా వరుస కాడ మామూలే అని రాయి. ఇన్‌స్పెక్షన్ అయినంక నిమ్మళంగ మారుద్దాం."

"మరి ఇదివరకు తప్పినోళ్ల సంగతి?"

ఆయన ఆమెను సూటిగా చూశాడు. "యంత్రంల లోపం లేదని సంతకం పెట్టింది ఎవరు? నేనా?"

కుబ్రా బయటికి వచ్చింది. సరే అననూ లేదు, కాదనీ అనలేదు. బోధన్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అలా ఊరుకోవడం సరే అనడమే కదా అనుకుంది. ఒకవైపు నుంచి చూస్తే ప్రిన్సిపాల్ మాటలో తప్పేముంది? అంకితకు ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరే ర్యాంకు వచ్చింది. ఈ ప్రాక్టికల్ గట్టెక్కితేనే సీటు నిలుస్తుంది. గట్టెక్కుతుంది. తన నౌకరీ ఉంటుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు, ఇక రాకుండా పోయినవాళ్లకు తప్ప.

మర్నాడు పొద్దున బయల్దేరేటప్పుడు భర్త రయీస్‌కు చెప్పింది. బస్టాండు దగ్గర అతనికి కళ్లద్దాల దుకాణం ఉంది.

"నువ్వు తెలిసి చేసినవా?" అని అడిగాడు.

"లేదు."

"మరి ఇయ్యాల తెలుసు గద" అన్నాడు. టిఫిన్ డబ్బా ఆమె చేతికిచ్చాడు.

గురువారం ఒంటిగంటకు పరీక్ష మొదలైంది. వేరే కాలేజీ నుంచి ఎగ్జామినర్‌గా వచ్చినావిడ మొహంలో నవ్వు తక్కువ, చూపు చురుకు. పెద్ద ఫైలు ప్రశ్నవాళ్లు ఐదుగురూ ముందు వరుసలో కూర్చున్నారు. అంకిత మొదటి కుర్చీలో, జడ గట్టిగా బిగించుకుని, రెండు గంటల సేపు తలెత్తకుండా రాసింది. మూడుంబావుకు ఎగ్జామినర్ గడియారం చూసి, "ఇప్పుడు నడిపించండి. మూడున్నర దాకా టైము" అంది.

ఐదుగురూ మీట నొక్కారు.

కుబ్రా తన తెర వైపు చూసింది. సర్వర్ నిండుగా పనిచేస్తోంది. మధుకర్ లెక్క పన్నెండుకే మొదలైంది. ఆపుతానని ప్రిన్సిపాల్‌కు మాటిచ్చినవాడు టైమర్ తీయడం మరిచి పొద్దున్నే హైదరాబాద్ బండెక్కాడు. వరండాలోకి వెళ్లి ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి స్విచ్ఛాఫ్.

లోపలికి వచ్చేసరికి నాలుగు నిమిషాలు గడిచాయి. తెరలు నవంబరులో ఉన్నట్టే ఉన్నాయి. ఐదుగురిలో ఒకడు గోళ్లు కొరుకుతున్నాడు. ఇంకొకడు చేతులు కట్టుకుని అప్పుడే ఓడినట్టు వెనక్కి వాలాడు.

కుబ్రా తన కుర్చీలో కూర్చుంది. మధుకర్ లెక్కను తాత్కాలికంగా నిలపడానికి ఆమెకు ఒక్క వరుస చాలు. అది ఎవరికీ తెలియదు. ప్రోగ్రాములు ముగుస్తాయి, పరీక్ష ముగుస్తుంది, పుస్తకంలో మామూలే అని ఉంటుంది. వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లాయి. సగం వరుస కొట్టింది కూడా.

అప్పుడు అంకిత లేచి దగ్గరికి వచ్చింది. ఈసారి ఏడవడం లేదు.

"మేడం, మల్ల గట్లనే ఆగింది" అంది మెల్లగా. "మిషన్ కాదు లెండి. నాకే ఏదో రాదు. మీరు ముందే చెప్పిండ్రు."

కుబ్రా ఆ పిల్ల మొహం చూసింది. తను చెప్పిన అబద్ధాన్ని ఆ పిల్ల నిజమని నమ్మి ఇన్ని నెలలు మోసింది. ఇప్పుడు చప్పుడు కాకుండా ప్రోగ్రాం ముగిసిపోతే, ఆ నమ్మకం అలాగే ఉండిపోతుంది.

కొట్టిన సగం వరుస చెరిపేసి లేచింది.

"మేడం," అంది ఎగ్జామినర్‌తో, గది అంతా వినిపించేలా. "ఒక్క మాట చెప్పాలె. ఈ పిల్లల ప్రోగ్రాములు ఆగింది వాళ్ల తప్పు వల్ల గాదు. సర్వర్‌ల డిప్లొమా గ్రూపుకు ఏడేండ్ల సంది హిస్సా చాలా తక్కువ పెట్టి ఉంది. నిన్న నేను పరీక్ష పెట్టి చూసిన. ఇదే ప్రోగ్రాంకు వీళ్ల లాగిన్‌ల ఇరవై ఆరు నిమిషాలు, ఇంజనీరింగు లాగిన్‌ల రెండున్నర." పరీక్ష రిజిస్టరు తెరిచి ఆమె ముందు పెట్టింది. "యంత్రంల లోపం లేదని పోయిన రెండుసార్లు సంతకం పెట్టింది నేనే. అది తప్పు సంతకం."

ఎగ్జామినర్ పేజీ చదివింది. పైనుంచి కిందికి ఒకసారి, మళ్లీ ఒకసారి.

"ఇప్పుడు ఏం చెయ్యమంటారు?"

"మీ కళ్ల ముందట మారుస్త. ఏది మార్చిన్నో, ఏ టైముకు మార్చిన్నో రాస్త. మీరు సంతకం పెట్టండి."

"మీ ప్రిన్సిపాల్‌ను పిలవండి."

ప్రిన్సిపాల్ రావడానికి మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాలూ కుబ్రా గడియారం వైపే చూసింది. రాజేశ్వర్ తలుపులో నిలబడి, బల్ల మీద తెరిచి ఉన్న రిజిస్టరును చూశాడు. మొహం నల్లబడింది.

"మధుకర్ సార్ లెక్క ఆగలేదా?" అన్నాడు కుబ్రాతో, గొంతు తగ్గించి.

"ఆగలేదు సార్."

ఎగ్జామినర్ మధ్యలోకి వచ్చింది. "సార్, ఈవిడ చెప్పింది మీకు ముందే తెలుసా?"

ఇరవై మంది పిల్లలు తలలెత్తి చూస్తున్నారు. రాజేశ్వర్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. తెలియదని అంటాడేమో అనుకుంది కుబ్రా.

"నిన్న చెప్పింది" అన్నాడు చివరికి. కుబ్రా వైపు చూడకుండానే, "మార్చు" అన్నాడు.

మూడు ఇరవై ఏడు. ఒక్క అక్షరం తప్పకుండా కొట్టింది. పది తీసి రెండు వందలు. ఎగ్జామినర్ ఆమె భుజం మీదుగా చూసి, టైము రాసి, సంతకం పెట్టి, పోయిన నిమిషాలకు బదులు గడువును ఇంకో పది నిమిషాలు పొడిగించింది.

మూడు ఇరవై తొమ్మిదికి అంకిత తెర మీద వరుసలు జలజలా పారాయి. తర్వాత పక్క కుర్చీలో, ఆ తర్వాత ఇంకో రెండింటిలో. ఐదోవాడి ప్రోగ్రాం ముగిసింది గానీ జవాబు తప్పొచ్చింది. అది నిజంగా వాడి తప్పే. వాడు తప్పాడు.

అంకిత కేకలు వేయలేదు, నవ్వలేదు. తన తెరను కాసేపు చూసి, కుబ్రా వైపు తిరిగి, "అంటే పోయినసారి గూడ మంచిగనే రాసిన్నా మేడం?" అని అడిగింది.

"మంచిగనే రాసినవు" అంది కుబ్రా. ఆ మాట చెప్పడం ఆ రోజు చేసిన పనులన్నిటికంటే కష్టమైంది.

సాయంత్రం పుస్తకంలో ఆ వరుస పూర్తిచేసింది. డిప్లొమా హిస్సా: ముందు పది, ఇప్పుడు రెండు వందలు. ఎవరు పెట్టారు: లక్ష్మీరాజం. ఎందుకు: రెండు రోజుల కోసం, తీయడం మరిచారు. దాని కింద ఇంకో వరుస చేర్చింది: ఈ కారణంగా రెండు పరీక్షల్లో తప్పిన తొమ్మిది మంది పేర్లు వెనక పేజీలో. పుస్తకం తీసుకెళ్లి ప్రిన్సిపాల్‌కు ఇచ్చింది. ఆయన తెరిచి చూడకుండా పక్కన పెట్టాడు.

శుక్రవారం వచ్చినవాళ్లు ఆ పుస్తకాన్ని రెండు నిమిషాలు తిరగేసి, దస్తూరి బాగుందని చెప్పి, క్యాంటీన్ వైపు వెళ్లారు. వెనక పేజీ చూడనే లేదు.

సోమవారం కుబ్రాకు మెమో వచ్చింది. పరీక్షల డ్యూటీ తీసేశారు. కాంట్రాక్టు ఏడాదికి కాకుండా ఆరు నెలలకే పొడిగించారు. మధుకర్ మాత్రం ఒకరోజు ల్యాబుకు వచ్చి, తన గ్రూపు హిస్సా ఎనిమిది వందల నుంచి తగ్గించమని తనే అడిగాడు. ఎగ్జామినర్ రాసిన నివేదిక పరీక్షల బోర్డుకు వెళ్లింది. నాలుగు నెలల తర్వాత, అప్పుడు తప్పినవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే ఫీజు లేకుండా మళ్లీ పరీక్ష రాయవచ్చని జవాబు వచ్చింది. అంకిత అప్పటికే ఇంజనీరింగులో చేరిపోయింది.

చదువు మానేసి కాలేజీకి మొహం చాటేసినవాళ్లు ముగ్గురు. వాళ్లకు ఉత్తరం పోస్టులో వేయమన్నారు ఆఫీసువాళ్లు. కుబ్రా తనే పట్టుకుని వెళ్లింది. ఒకడు ఊళ్లో లేడు. ఒకామె ఉత్తరం తీసుకుని, చదవకుండానే లోపలికి వెళ్లిపోయింది. మూడోవాడు నరేష్, బోధన్ బస్టాండుకు అవతల సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు.

"ఏంది మేడం, ఫోన్ ఖరాబైందా?"

ఆమె ఉత్తరం ఇచ్చి, జరిగిందంతా నిలబడే చెప్పింది. ఏదీ దాచలేదు. అతను భూతద్దం పక్కన పెట్టి విన్నాడు.

"గా రోజు ఇంటికి పోయి మా బాపుతోని నేనే చెప్పిన మేడం, నాకు చదువు అబ్బదు, ఇగ పంపకు అని" అన్నాడు. "ఇప్పుడొచ్చి చెప్తే ఏం లాభం?"

"లాభం ఉందో లేదో నాకు తెల్వదు నరేష్. తప్పు నీది గాదని చెప్పకుండ ఉండలేక వచ్చిన."

పగిలిన ఫోన్‌తో ఒక ముసలాయన వచ్చి నిలబడితే, "కొంచెం ఆగు తాతా" అని చెప్పి ఉత్తరం విప్పాడు. పెదాలు కదుపుతూ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. మళ్లీ పైకి వచ్చి తన పేరున్న వరుస దగ్గర ఆగాడు.

"దీన్ని ఎప్పటిలోపట ఇయ్యాలె?" అని అడిగాడు.

"ఈ నెలాఖరు దాకా టైముంది" అంది కుబ్రా.

అతను తలూపి, ఉత్తరాన్ని నలగకుండా గల్లాపెట్టె కింద పెట్టి, ముసలాయన ఫోన్ కోసం చెయ్యి చాపాడు.